తప్పు లేని దిండు

మా ఆఫీసులో మనిషి వెళ్లిపోతే అతని బల్ల మీది సామానంతా ఒక అట్టపెట్టెలోకి చేరుతుంది. రాజీనామా చేసినా అంతే, తీసేసినా అంతే, పోయినా అంతే. పెట్టె సైజు కూడా మారదు. మొన్న హెచ్‌ఆర్ అమ్మాయి అలాంటి పెట్టె ఒకటి తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టి, "మ్యామ్, సార్ వాళ్లింట్లో ఎవరూ ఫోన్ ఎత్తట్లేదు. ఆయనతో మాట్లాడేది మీరే కదా, మీకు ఇచ్చేయమన్నారు" అంది. నాకు ఆ పిల్ల మీద కోపం వచ్చింది, ఆ పిల్ల చేసిందేమీ లేకపోయినా. నా కోపాలు చాలావరకు అలాంటివే.

పెట్టెలో ఒక ఛార్జరు, మూత పోయిన ఫ్లాస్కు, ఒక చెంచా, వెదురుతో చేసిన అల్లిక సూదులు, సగం అయిపోయిన ఊలు ఉండ ఉన్నాయి. అన్నిటి కిందా ఒక దిండు. సోఫాలో అందానికి వేసుకునే చదరపు దిండు. దాని గలీబు ఊలుతో అల్లింది. దాని మీద కుతుబ్‌షాహీల కాలపు మసీదు ముఖభాగం ఉంది. ఐదు కమాన్లు, పైన పిట్టగోడ, రెండు పక్కలా చిన్న మినార్లు. రంగులేమీ లేవు, అంతా ఒకే బూడిదరంగు. కమాన్లూ మినార్లూ ఊలులోనే ఉబ్బెత్తుగా తేలి ఉంటాయి, చేత్తో తడిమితే తెలిసేలాగా.

నేను కళ్లు మూసుకుని దాని మీద చెయ్యి పెట్టాను. ఎక్కడో ఒకచోట తప్పు ఉండి తీరాలి. ఆయన అల్లిన దిండులో తప్పు ఉండటమంటే చారులో ఉప్పు ఉండటం లాంటిది. ఎడమ నుంచి కుడికి తడిమాను, కుడి నుంచి ఎడమకి తడిమాను. కమాన్లు సరిపోయాయి. మినార్లు సరిపోయాయి. కళ్లు తెరిచి వెతికాను. నా ఉద్యోగమే తప్పులు పట్టడం. పక్కవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతకడం తప్ప ఇన్నేళ్లుగా నాకు ఇంకో పని చేతకాదు. అయినా దొరకలేదు.

"దొరకట్లేదు సార్" అన్నాను పైకే.

పక్క సీటు కుర్రాడు హెడ్‌ఫోన్స్ తీసి "నాతోనా?" అన్నాడు. కాదన్నాను. ఎవరితోనో చెప్పలేదు. ఆయన పోయి ఇంకా ఎన్నో రోజులు కాలేదు, కిటికీ పక్కన ఆయన సీట్లో మాత్రం అప్పుడే కొత్త మానిటర్ పెట్టేశారు.

ఆయన మా కంపెనీలో డాక్యుమెంట్లు రాసే విభాగంలో ఉండేవారు. మా సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు, ఎవరూ తెరిచి చూడనివి, ఓపిగ్గా రాసేవారు. రాయదుర్గం వైపు అద్దాల భవనం మాది. మబ్బు లేని రోజు ఆయన కిటికీలోంచి గోల్కొండ కనిపించేది. తల నెరిసిన మనిషి మా అంతస్తు మొత్తానికి ఆయన ఒక్కరే. ఆ మనిషి ఊలు అల్లుతుంటాడు, అదీ హైదరాబాదు ఎండల్లో. ఇక మా ఆఫీసు పిల్లలు ఊరుకుంటారా? "సార్, నాకో స్వెటర్ కావాలి, మే నెలకల్లా ఇచ్చేయాలి" అని ఏడిపించేవారు. "ఇస్త గాని బిడ్డా, ముందుగాల ఆ ఏసీ రిమోట్ నీ చేతులకెల్లి గుంజుకోవాలె" అనేవారు ఆయన, తల ఎత్తకుండానే.

వీడియో మీటింగుల్లో కెమెరా ఆపేసి అల్లుకునేవారు. మైకు ఆపడం మరిచిపోయిన రోజున మాత్రం అటువైపు విదేశాల్లో ఉన్న క్లయింటుకు కూడా వినపడేది: "రెండు సీదా, ఒకటి ఉల్టా, రెండు సీదా..." చదునుగా పడే కుట్టు సీదా, బుడిపెలా పైకి తేలే కుట్టు ఉల్టా. ఉత్తరాది ఆవిడెవరో ఫోన్ వీడియోల్లో నేర్పితే నేర్చుకున్నారు కాబట్టి ఆయన అల్లికంతా హిందీలోనే సాగేది. ఒకసారి మా మేనేజరు, "ఎవరి వెనకాలో నాయిస్ వస్తోంది, చూసుకోండి" అన్నాడు. "అది నాయిస్ గాదు సార్, మసీదు" అన్నారు ఈయన. ఆ మీటింగులో ఆ తర్వాత ఎవరూ పని మాట్లాడలేదు.

సూదులు చొక్కా జేబులో పెన్నుల పక్కనే ఉండేవి. క్యాంటీన్లో పప్పన్నం కూడా చెంచాతోనే తినేవారు, వేళ్లకు పసుపు అంటితే ఊలుకు అంటుతుందని. చెంచాతో ఆవకాయ ముక్కను లొంగదీయడానికి ఆయన పడే అవస్థ చూస్తే నాకు నవ్వూ వచ్చేది, చిరాకూ వచ్చేది. "చేత్తో తిని కడుక్కోవచ్చు కదండీ" అంటే, "కడిగితే చెయ్యి తడిగుంటది చెల్లె. తడి చేతికి ఊలు మాట వినది" అనేవారు. ఏం అడిగినా ఆయన దగ్గర ఊలు జవాబు ఒకటి సిద్ధంగా ఉండేది.

కొత్త ఫ్లాట్లు కొనుక్కున్న పిల్లలు సోఫాల కోసం చార్మినార్ దిండ్లు అడిగేవారు. ఎవరికీ అల్లివ్వలేదు. "చార్మినార్ చిన్న పోరలకు గూడ ఎరుకే. అండ్ల తప్పు జేస్తే ఎవలికైనా దొరుకుతది. ఇగ ఫాయిదా ఏముంది?" అనేవారు. ఆ మాటకు అర్థమేమిటో అప్పట్లో ఎవరికీ తెలిసేది కాదు, ఎవరూ అడగనూ లేదు.

మా పరిచయం కూడా తప్పుతోనే మొదలైంది. కాఫీ మెషిన్ పక్కనున్న సోఫాలో ఒకరోజు ఊలు దిండు ఒకటి కనిపించింది. ఇదే మసీదు. ఐదు కమాన్లు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి, ఒకదాని చోట వట్టి గోడ. వచ్చినవాళ్లు దాన్ని వీపు కింద పెట్టుకుంటున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు, బాగుందంటున్నారు. నేను కాఫీ కూడా పట్టుకోకుండా ఆయన సీటు దగ్గరికి వెళ్లి, "ఆ దిండు మీదేనా అండి? కుడివైపు నుంచి రెండో కమాను అల్లలేదు మీరు" అన్నాను. ముందు బాగుందని అనాలని నాకు తోచలేదు. ఎప్పుడూ తోచదు.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డారు. ముఖం వెలిగిపోతోంది.

"దొర్కిందా? కండ్లతోని దొర్కిందా, చేతితోని దొర్కిందా?"

"కళ్లతోనేనండి. చేత్తో ఎలా దొరుకుతుంది?"

"జర రా చెల్లె, జర రా నువ్వు" అని నన్ను సోఫా దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, దిండు ఒళ్లో పెట్టారు. "కండ్లు మూస్కో. ఇగ చెయ్యి వెట్టు. తొందర లేదు."

చుట్టూ కప్పులు పట్టుకుని జనం చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. కానీ ఆయన గొంతులో ఆత్రం చూసి కాదనలేకపోయాను. నా వేళ్లు కమాను వంపు ఎక్కాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి, దిగాయి. మూడు కమాన్లు దాటాక చదునులో పడి జారిపోయాయి. ఆగాను. వెనక్కి వచ్చి మళ్లీ తడిమి చూశాను.

"ఇక్కడండి" అన్నాను.

"గదే!" అని ఆయన అరిచిన అరుపుకు సెక్యూరిటీ అతను తొంగి చూశాడు. "ఆమె గూడ గక్కడ్నే ఆగింది!"

ఆమె అంటే ఆయన భార్య. ఇంట్లో కూడా ఆవిడను ఆయన "మేడం" అనే పిలిచేవారు, ఆవిడతో పనిచేసే మేస్త్రీలంతా అలా పిలుస్తారు కాబట్టి. పాత కట్టడాలను బాగుచేసేవాళ్ల దగ్గర ఆవిడ నక్షలు గీసేది. వందల ఏళ్ల నాటి సున్నపు గచ్చు గోడకు మధ్యలో ఎవరో సిమెంటుతో అతుకు వేసి పైన వెల్ల కొట్టేస్తే కంటికి తెలియదు. ఆవిడ కళ్లు మూసుకుని గోడకు అరచెయ్యి ఆనించి నడుచుకుంటూ పోయేదట. అతుకు దగ్గర చెయ్యి ఆగిపోయేదట. అక్కడ గోటితో గీకి చూసేది. గచ్చయితే పొడి రాలుతుంది, సిమెంటయితే రాలదు. "పెండ్లయిన కొత్తల సిన్మకని తీస్కపోతే, సిన్మొద్దు గోల్కొండకు పోదామన్నది. ఆడ నా చెయ్యి పట్టుకుంటదేమో అనుకున్న. గోడ పట్టుకోని పొయ్యింది" అని చెప్పి తనే నవ్వేవారు ఆయన.

ఒకరోజు పనిలో ఉండగానే ఆవిడకు మెదడులో నరం చిట్లింది. మాట పోయింది, కుడి పక్కంతా పోయింది. కళ్లు తెరుచుకునే ఉండేవి కానీ దేనిమీదా నిలిచేవి కావు. పిలిస్తే పలికేది కాదు. లోపల ఆవిడ ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఎడమ చెయ్యి ఒక్కటే దుప్పటి మీద అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. చేతికి రకరకాల వస్తువులు తగిలించి చూడమన్నారు దవాఖానలో. ఆయన బియ్యం పెట్టారు, దువ్వెన పెట్టారు, కొబ్బరి పీచు పెట్టారు. చెయ్యి అన్నిటి మీదా ఒకేలా తిరిగింది. అప్పుడు గోడలు గుర్తొచ్చాయట. గోడను మంచం మీదికి తేలేరు. దాని బదులు తెచ్చేది మెత్తగా ఉండాలి, చర్మం గీరుకోకూడదు, పక్కన ఆన్చడానికి పనికిరావాలి. అలా, అంతవరకూ సూదిలో దారం కూడా ఎక్కించని మనిషి, ఆవిడ గీసిన నక్షలు ముందేసుకుని దిండు అల్లడం మొదలుపెట్టారు. మొదటిదాంట్లోనే లెక్క తప్పి ఒక కమాను మింగేశారు, తనకే తెలియకుండా.

"చెయ్యి పోతున్నది, పోతున్నది, గక్కడికొచ్చి ఆగింది చెల్లె. మల్ల ఎనకకు వొయ్యింది. మల్లొచ్చి ఆగింది. గోటితోని గీకింది. ఏమైందా అని లెక్కవెట్టి సూస్తే కమాను లేదు! నేను తప్పు జేసిన, ఆమె పట్టుకున్నది. మా ఇంట్ల మొదటి సంది గంతే గద!" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన తప్పులు కావాలని చేయడం మొదలుపెట్టారు.

ఆ దిండును సోఫాలో పెట్టింది కూడా అందుకే. ఆ తప్పు ఎవరికైనా ఇట్టే దొరికేదో కాదో చూద్దామని. ఎవరికీ దొరకలేదు. దొరికినందుకు దాన్ని నాకే ఇచ్చేశారు. ఇప్పటికీ మా ఇంట్లో దివాను మీద ఉంది, మా ఆయన క్రికెట్ చూసేటప్పుడు దానికే ఆనుకుంటారు.

నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు. చెయ్యి అన్నాక ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా అనుకున్నాను. ఒక ఆదివారం నార్సింగిలో వాళ్లింటికి వెళ్లాను. మేముండే కూకట్‌పల్లి నుంచి నార్సింగి అంటే ఊరికి పోయినట్టే, మా ఆయన పెరుగన్నం కట్టుకెళ్లమన్నారు. వాళ్ల ఫ్లాటు చుట్టూ కడుతున్న టవర్లు, వాటి నెత్తిన క్రేన్లు. పడగ్గది కిటికీకి మందపాటి పరదా వేసి ఉంది. "మేడంకు అవి కనవడ్డా ఫికర్ జెయ్యది. నాకే సూడబుద్ధి గాదు" అన్నారు.

మంచం మీద ఆవిడ చుట్టూ దిండ్లే. మడమల కింద సమాధి ఒకటి, మోకాళ్ల మధ్య జాలీ కిటికీ ఒకటి, వీపు వెనక కోట దర్వాజా. ఒళ్లు ఒరిసి పుండ్లు పడకుండా వాటినే ఆనించేవారు. ఆవిడను చూసుకునే యాదమ్మ ఆ మధ్యే పనిలో చేరింది. "గీ ఇంట్ల దుమ్ము దులుపుడంటే కోటలన్ని దులుపుడేనమ్మా" అంది నాతో.

ఆ వేళ కొత్త దిండు ఓరుగల్లు తోరణం. పైన రెండు హంసల్లో ఒకదాని ముఖం అటువైపు తిప్పేశారు. శుక్రవారం ఆఫీసులో నేను కళ్లు మూసుకుని చూసినప్పుడు నాకు దొరకలేదు, చెబితేగాని తెలియలేదు. ఆయన దిండును ఆవిడ పొట్ట మీద ఆన్చి, ఎడమ చెయ్యి తీసి దాని మీద పెట్టి, పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. పరీక్ష రాసే పిల్ల తండ్రి బడి బయట నిలబడినట్టు నిలబడ్డారు. చెయ్యి స్తంభం మీదుగా పైకి పోయింది. అడ్డదూలం మీదుగా జరిగింది. మొదటి హంస దాటింది. రెండో హంస మీద ఆగింది. వెనక్కి వెళ్లి మొదటిదాన్ని తడిమింది. మళ్లీ వచ్చి రెండోదాని మీద ఆగి, గోటితో గీకడం మొదలుపెట్టింది.

"శబాష్ మేడం! దొర్కవట్టినవ్!" అని ఆయన చప్పట్లు కొట్టారు. యాదమ్మ కూడా కొట్టింది. ఆవిడ కళ్లు పైకప్పు వైపే ఉన్నాయి, ముఖంలో ఏ మార్పూ లేదు. కానీ గోరు గీకుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే బాగుండదని వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. డాక్టరు మాత్రం అది పాత అలవాటు అయ్యుండొచ్చు, చెయ్యి ఆగితే మనిషికి తెలిసినట్టు కాదు అన్నాడట. "డాక్టర్ సాబ్‌కు గోడలు తెల్వదు" అని కొట్టిపారేశారు ఈయన.

తర్వాత ప్రతి దిండూ ముందు నా దగ్గరికి వచ్చేది. భోజనాలయ్యాక నేను కళ్లు మూసుకోవడం, ఆయన నా వేళ్లనే చూస్తూ కూర్చోవడం. తప్పు మరీ సులువైతే ఆమెకు విసుగొస్తుందని ఆయన, మరీ కష్టమైతే దొరకదని నేను. ఇద్దరం కీచులాడుకునేవాళ్లం. కొన్ని తప్పులకు ఎంత చెప్పినా ఒప్పుకునేవారు కాదు. ఓసారి సమాధి దిండు అల్లుతుంటే, "గుమ్మటం తీసేద్దాం సార్, దొరుకుతుందో లేదో చూద్దాం" అన్నాను. చెవులు మూసుకున్నారు. "గుమ్మటం తీస్తే కింద పండుకున్నాయన మీద ఎండ వడ్తది. గంత తప్పు జేస్తే మేడం నా మొఖం గూడ సూడది."

నా కింద పనిచేసే పిల్లలకు నేను చెప్పే మాట ఒకటి ఆయనకు బాగా నచ్చింది. ఫెయిలయ్యే వీలే లేని పరీక్ష పరీక్ష కాదు, అలాంటిది రాసి అన్నీ పాసయ్యాయని నా దగ్గరికి రావద్దు అని వాళ్లను తిడుతుంటాను. అది విని, "ఏం మాట జెప్పినవ్ చెల్లె! గందుకే నా దిండ్లల్ల తప్పుంటది. తప్పు లేకుంటే మేడంకు పరీక్ష ఏంది?" అన్నారు. ఆ తర్వాత యాదమ్మకు కూడా ఆ మాట అప్పజెప్పారు.

వానాకాలంలో ఆవిడకు జ్వరం పట్టుకుంది, ఫిట్స్ వచ్చాయి. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక చెయ్యి మునుపటిలాగే కదిలింది. కానీ ఆగలేదు. మొదట్లో, నీరసం తగ్గితే ఆగుతుందన్నారు. తర్వాత, తప్పు చిన్నదైందన్నారు. పెద్దది చేశారు. ఒక మినారు తీసేశారు. ఆగలేదు. వరసగా రెండు కమాన్లు మూసేశారు. ఆగలేదు. ప్రతి ఉదయం లిఫ్టులో నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేవారు, అంతే. మీటింగుల్లో ఉల్టా సీదా వినిపించడం మానేసింది. పిల్లలు కూడా స్వెటర్ గురించి అడగడం మానేశారు.

ఒక మధ్యాహ్నం సమాధి దిండు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. కళ్లు మూసుకున్నాను. వేళ్లు మెట్లెక్కాయి, కమాన్లు దాటాయి, పిట్టగోడ దాటాయి. దాని పైన ఏమీ లేదు. చదును. కళ్లు తెరిచాను. గుమ్మటం లేదు.

ఆయన కిటికీలోంచి గోల్కొండ వైపు చూస్తున్నారు.

"పొద్దుగాల వెట్టిన చెల్లె. చెయ్యి పైకి వొయ్యింది, ఆ ఖాళీల తిరిగింది, కిందికొచ్చింది. ఆగలే. గుమ్మటమే లేదు, గామెకు తెల్వలే."

ఏదో ఒకటి అనాలి, మళ్లీ చూద్దాం సార్ అనో, చెయ్యి అలిసిపోయిందేమో అనో. ఆ ఖాళీనే ఇంకోసారి తడిమాను. అలా నడివయసు దాటిన ఇద్దరం నెత్తి లేని సమాధిని మధ్యన పెట్టుకుని ఆఫీసు వేళ ముగిసేదాకా కూర్చున్నాం. నా జీవితంలో అంత నిస్సహాయంగా నేనెప్పుడూ కూర్చోలేదు. ఆ తర్వాత ఆయన నా దగ్గరికి దిండు తేలేదు. అల్లడం మాత్రం ఆపలేదు. నోరు మూసుకుని అల్లుకునేవారు.

ఒక పొద్దున ఆఫీసుకు వచ్చే క్యాబులోనే పోయారు. గేటు దగ్గర డ్రైవరు లేపబోతే తెలిసింది. ఆయన మంచివారనీ, జట్టుకు తీరని లోటనీ దీపం బొమ్మతో మెయిల్ వచ్చింది. అందరూ దాని కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మధ్యాహ్నానికల్లా ఆయన సగంలో వదిలిన డాక్యుమెంటు ఎవరు పూర్తిచేస్తారని ఇంకో మెయిల్ వచ్చింది. పిల్లల్లేరు వాళ్లకు. ఆవిడ తమ్ముడు కర్నూలు నుంచి వచ్చి దినాలు జరిపించి, నార్సింగి ఫ్లాటుకు తాళం వేసి, ఆవిడను తెల్లాపూర్‌లో మంచాన పడ్డవాళ్లను చూసుకునే చోట చేర్చి వెళ్లాడు. నయమేమిటంటే యాదమ్మను కూడా అక్కడ పనిలో పెట్టించాడు.

పెట్టె నా చేతికొచ్చిన వారంలోనే, శనివారం తెల్లాపూర్ వెళ్లాను. సంచిలో రెండు దిండ్లు పెట్టుకున్నాను. ఒకటి నాకు తప్పు దొరకనిది. నాకు దొరక్కపోతేనేం, ఆవిడకు దొరుకుతుందేమో అని ఒక పిచ్చి ఆశ. రెండోది మా దివాను మీది పాత దిండు, కమాను లేనిది. అది ఎందుకు తీసుకెళ్తున్నానో నాకు తెలుసు. ఉద్యోగం అలవాటు.

గది శుభ్రంగా ఉంది. తెల్లటి గోడలు, తెల్లటి దుప్పటి. ఊలు దిండ్లు ఉతకడానికి వీలుగా ఉండవని అక్కడివాళ్లు వాటన్నిటినీ మూటగట్టి మంచం కింద పెట్టించారు. కుతుబ్‌షాహీలూ కాకతీయులూ మూటలో ఉన్నారు. ఆవిడ చిక్కి సగమైంది. ఎడమ చెయ్యి మాత్రం దుప్పటి మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

నేను సంచిలోంచి ఆయన చివరి దిండు తీయగానే యాదమ్మ గుర్తుపట్టింది. "సార్ ఆఖరుకు గిసొంటియే చేసిండమ్మా" అంది.

"దీంట్లో తప్పెక్కడుంది యాదమ్మా? నాకు దొరకట్లేదు."

"తప్పు లేదమ్మా దాంట్ల."

నేను ఆమె ముఖంలోకి చూశాను. యాదమ్మ ఆవిడ చెయ్యి తీసి దిండు మీద పెట్టింది, అచ్చం ఆయన పెట్టినట్టే. చెయ్యి కమాన్లన్నీ ఎక్కి దిగి, మినారు దాటి, ఆ చివరికంటా పోయింది. ఎక్కడా ఆగలేదు.

"కరెక్ట్ మేడం! తప్పు లేదు!" అని యాదమ్మ చప్పట్లు కొట్టింది. నా వైపు తిరిగి చెప్పింది: "నడుమల జర పరేషాన్ అయ్యిండు సార్. మేడం చెయ్యి తప్పులకాడ ఆగుతలేకుండె గద. మల్ల ఏమనుకున్నడో, తప్పు లేకుంట అల్లుడు షురూ జేసిండు. దినాం పొద్దుగాల చెయ్యి వెట్టిస్తడు. ఆ సివరిదాంక పోనిస్తడు. కరెక్ట్ మేడం, తప్పు లేదని మంచిగ కనివెట్టినవ్ అని చప్పట్లు గొడ్తడు, నవ్వుతడు, ఆఫీసుకు వోతడు. గప్పటి సంది మేడం ఒక్కపారి గూడ తప్పలే అమ్మా."

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాను. మొదట కోపం వచ్చింది, ఆయన మీదే. ఫెయిలయ్యే వీలు లేని పరీక్ష పరీక్ష కాదని నాతో కలిసి అందరికీ చెప్పిన మనిషి, చివరికి అలాంటి పరీక్షలే పెట్టుకుంటూ కూర్చున్నారు. తప్పు లేని చోట చెయ్యి ఆగకపోతే అది సరైన జవాబే కదా. లోపల మనిషి ఉన్నా అదే జవాబు, లేకపోయినా అదే జవాబు. ఇక ఏ పొద్దూ ఆయనకు తెలిసిపోయే ప్రమాదం లేదు. అందుకే నా దగ్గరికి తేలేదు. తెస్తే నేను ఒక్క నిమిషంలో పట్టేసేదాన్ని. కోపం ఎంతోసేపు నిలవలేదు. కూర్చున్నచోటే దుఃఖం పొంగుకొచ్చింది. ఎంత విరిగిపోతే మనిషి తప్పు చేయడం మానేసి, ఒక్క కుట్టు కూడా పోకుండా అంత శ్రద్ధగా అల్లుతాడు!

అయినా నా బుద్ధి ఊరుకోలేదు. సంచిలోంచి పాత దిండు తీశాను. యాదమ్మ ఎప్పుడూ చూడనిది అది. ఆవిడ మొట్టమొదట ఆగింది దాని మీదే. ఎక్కడైనా ఆగితే ఇక్కడ ఆగాలి. మనసులో ఆయనకే మొక్కుకున్నాను, దేవుడికి కాదు. చెయ్యి తీసి మొదటి కమాను మీద పెట్టాను. అది చల్లగా, తేలికగా ఉంది.

వేళ్లు కమాను ఎక్కాయి, దిగాయి. రెండోది ఎక్కాయి, దిగాయి. మూడోది ఎక్కాయి, దిగాయి. వేళ్లు ఆ వట్టి గోడ మీదికి వచ్చాయి. గోడ మీద జరిగాయి. అవతలి కమాను ఎక్కాయి, దిగాయి. దిండు అంచు దాటి దుప్పటి మీదికి వెళ్లిపోయాయి.

యాదమ్మ నా ముఖమే చూస్తోంది. "ఏమైందమ్మా? గీ దాంట్లేమన్న తప్పున్నదా?"

ఇన్నేళ్లలో నేను తప్పును చూసి తప్పు కాదని ఎన్నడూ చెప్పలేదు.

"లేదు యాదమ్మా" అన్నాను. "ఏ తప్పూ లేదు. మేడం కరెక్టుగానే చెప్పారు."

యాదమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.